మడమల పగుళ్లకు 25 శాతం యూరియా క్రీమ్: రెండు చలికాలాలు వాడాక

పగుళ్లకి ఏం రాస్తున్నావని అడిగిన వాళ్లందరికీ ఒకటే చెబుతున్నా: కంపెనీ పేరు తర్వాత, ముందు ట్యూబు మీద యూరియా ఎంత శాతమో చూడండి.

బెంగళూరు మారతహళ్లిలో మాకు కర్రీ పాయింట్ ఉంది. పొద్దుటి నుంచి రాత్రి దాకా టైల్స్ మీద నిలబడే పని. ఒంగోలు ఉక్కపోతలో ఎరగని పగుళ్లు ఇక్కడ పట్టుకున్నాయి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది. సంక్రాంతి దాటాక గాలి పొడిబారిపోతుంది.

అరికాలిలో చెమట గ్రంథులే తప్ప నూనె గ్రంథులు లేవు. పైగా అక్కడి చర్మం బాగా మందం, ఎండితే సాగదు. నిలబడితే ఒంటి బరువుకి మడమలోని కొవ్వు పక్కలకి ఒత్తుకుంటుంది. వెనక మూసిలేని చెప్పులైతే దాన్ని ఆపేది ఏదీ ఉండదు. సాగలేని చర్మం అంచు వెంట చీలుతుంది. పగుళ్లు ఎక్కువగా మడమ చుట్టూనే రావడానికి కారణం ఇదే.

కొబ్బరినూనె, వాజిలిన్ తేమని ఆవిరైపోకుండా ఆపుతాయి గానీ, పేరుకున్న మందాన్ని తగ్గించలేవు. యూరియా 10 శాతం లోపు ఉంటే తేమని పట్టి ఉంచుతుంది. 20 దాటితే ఆ గట్టి పొరనీ మెత్తబరుస్తుంది. నాకు పనిచేసింది ఇదే. రాత్రి గోరువెచ్చటి నీళ్లలో కాసేపు కాళ్లు పెట్టి, తుడిచి, చెమ్మ ఉండగానే రాసి సాక్సులు వేసుకుంటాను. గరుకు వారంలో తగ్గింది, లోతు పగుళ్లు పూడడానికి నెల పైనే పట్టింది. మానేస్తే మళ్లీ వస్తాయి. పచ్చి పగులు మీద రాస్తే భగ్గున మండుతుంది. అది మూసుకునేదాకా వాజిలినే మేలు. బ్లేడుతో మాత్రం చెక్కకండి.

మా అత్తయ్యకి షుగరు. ఆవిడకి ఇది నా అంతట నేను రాయలేదు, చర్మం డాక్టరుకి చూపించాం. షుగరు వల్ల నరాలు దెబ్బతింటే పాదాలకి చెమట తగ్గి ఎండిపోతాయి, పగిలినా నొప్పి తెలియదు, పుండు పడేదాకా ఎవరూ చూడరు. థైరాయిడ్ తక్కువున్నా, సోరియాసిస్ ఉన్నా పగుళ్లు రావచ్చు. వేళ్ల సందుల్లో దురద, పొట్టు ఉంటే ఫంగస్ కావచ్చు. దానికి ఈ క్రీమ్ మందు కాదు, డాక్టరుకి చూపించుకోండి.