పూల లోయలో రంగుల వేట

చీరల ప్రింటు కోసం కొత్త రంగుల జోడీలు కావాలని చిన్న వాటర్ కలర్ డబ్బా సంచిలో వేసుకుని ఉత్తరాఖండ్ పూల లోయకి వెళ్లాను. జూన్ 1 నుంచి అక్టోబర్ 31 వరకే తెరిచి ఉంటుంది, పూలు విరగబూసేది జులై చివర్లో, ఆగస్టులో. అంటే వాన తప్పదు. వానని తిట్టుకునేవాళ్లే ఎక్కువ కనిపించారు గానీ రంగులు కావాలంటే మబ్బు పట్టిన రోజే మంచిది, ఎండలో మెరిసిపోయే ఆకులు అప్పుడే అసలు రంగులో కనిపిస్తాయి.

లోయలో గులాబీ రంగు బాల్సమ్ పొదలు బారులు తీరి ఉంటాయి. అందమే, కానీ కాసేపటికి కళ్లు అలవాటుపడిపోతాయి. నన్ను కదలనివ్వనిది బండల మధ్య పూసిన బ్లూ పాపీ. పల్చటి నీలం రేకులు, మధ్యలో పసుపు కేసరాలు, కాడ నిండా సన్నటి ముళ్లు, రేకు అంచు దగ్గరికొచ్చేసరికి నీలం కాస్తా వంగపండులోకి జారుతుంది. ఇలాంటి ఛాయల్ని ఫోన్ తన ఇష్టం వచ్చినట్టు మార్చేస్తుంది, అందుకే పువ్వు పక్కన తెల్లకాగితం పెట్టి ఫోటో తీయండి, ఇంటికొచ్చాక ఆ తెలుపుని చూసి రంగు సరిచేసుకోవచ్చు. కోయడం మాత్రం నిషేధం.

లోయకి దగ్గర్లోనే ఉన్న సిక్కుల పుణ్యక్షేత్రం హేమకుండ్ ఎక్కుడు బాగా నిటారు, 4,000 మీటర్లు దాటాక నాకు నాలుగడుగులకోసారి ఆయాసం. అయినా బ్రహ్మకమలం కోసం వెళ్లాల్సిందే. రేకుల్లా కనిపించేవి నిజానికి కాగితంలాంటి ఆకులు, మీగడ రంగులో కాస్త ఆకుపచ్చ కలిపినట్టుంటాయి, లోపల ముదురు ఊదా పూల గుత్తి. ఇంత తెగువైన జోడీ నాకై నేను ఎప్పటికీ కలిపేదాన్ని కాదు.

బసకి లోయ బయట ఉన్న ఘాంఘరియా అనే చిన్న ఊరే దిక్కు, లోయ లోపల రాత్రి ఉండనివ్వరు. నాకు దొరికిన గదిలో చెమ్మ ఎంతంటే సాయంత్రం వేసిన రంగు పొద్దుటికీ ఆరలేదు, వేడినీళ్ల బకెట్‌కి విడిగా డబ్బులు, కరెంటు వచ్చిపోతూ ఉంటుంది. ఆ రేటుకి ఆ గది ఎక్కువే. గురుద్వారాలో బస, భోజనం ఉచితం, కానీ యాత్రికుల రద్దీలో కూర్చుని బొమ్మలేసుకునే తీరిక ఉండదు.

ఘాంఘరియాకి హెలికాప్టర్ ఉంది, కంచర గాడిదలూ ఉన్నాయి. మోకాళ్లు సహకరిస్తే రోడ్డు ఆగిపోయే పుల్నా ఊరి నుంచి నడవండి, దాదాపు 10 కిలోమీటర్లు. దారి పొడుగునా పేడ, బురద, జారుడు, ఆ గోల వేరు. కానీ పక్కనే నది ఉంటుంది, హిమనదాలు అరగదీసిన రాతిపిండి కలిసి నీళ్లు పాలబూడిద రంగులో ఉంటాయి, ఒడ్డు బండల మీద నాచులా రాళ్లకి అంటుకుని పెరిగే లైకెన్ నారింజ రంగు మచ్చలు. నా పుస్తకంలో ఎక్కువ పేజీలు నిండింది ఆ దారిలోనే, లోయలో కాదు.