నీళ్లు తగలకూడని పాస్తా మిషన్: తిరుపతిలో మా వంటింటి అనుభవం

చేత్తో తిప్పే పాస్తా మిషన్‌ను మా ఇంట్లో చూసినవాళ్లు మొదట అడిగేది ఒకటే: "మురుకుల గొట్టం ఉండగా ఇదెందుకు?"

న్యాయమైన ప్రశ్నే. ప్యాకెట్లో దొరికే ఎండు పాస్తా నిజానికి గొట్టం పద్ధతిలోనే తయారవుతుంది. గట్టిగా కలిపిన రవ్వ పిండిని అచ్చు రంధ్రాల్లోంచి విపరీతమైన ఒత్తిడితో బయటికి తోసి ఆరబెడతారు. అంత బలం మన చేతులకు ఎక్కడిది? గొట్టం తిరగాలంటే పిండిని మెత్తగా కలపాలి. మెత్తటి పిండి మరిగే నీళ్లలో పడితే సగం గంజిగా మారుతుంది. ఈ మిషన్ పని వేరు. గట్టి పిండిని రెండు ఉక్కు రోలర్ల మధ్య నొక్కి, పలుచటి రేకుగా సాగదీస్తుంది. ఆ రేకును పక్కనున్న కోత రోలర్లలో పెడితే పట్టీలుగా కోసి వదులుతుంది.

మాది 15 సెంటీమీటర్ల వెడల్పు రోలర్లున్న రకం. పక్కన 0 నుంచి 9 దాకా అంకెలున్న మీట ఉంటుంది. 0 దగ్గర సందు ఎక్కువ, అంకె పెరిగేకొద్దీ రేకు పలుచబడుతుంది. కోతలో రెండు రకాలు: ఒకటి 6 మిల్లీమీటర్ల పట్టీ, ఇంకొకటి సన్న తీగ. కరెంటుతో పని లేదు. కొన్నేళ్లుగా వాడుతున్నాను, రోలర్లు ఇంకా కొత్తవాటిలా సమంగా నొక్కుతున్నాయి. యంత్రంగా దీనికి మంచి మార్కులే వేస్తాను. చిక్కంతా దీని వాడకపు నియమంతో వచ్చింది: దీన్ని నీళ్లతో కడగకూడదు.

కారణం సులువే. లోపల పళ్ల చక్రాలున్నాయి, తడి చేరితే తుప్పు పడతాయి. సందుల్లో మిగిలిన పొడి పిండి తడిస్తే జిగురై, ఆరాక సిమెంటు ముద్దలా బిగుసుకుంటుంది. అందుకే పని అయ్యాక కాసేపు అలాగే వదిలేసి, మిగిలిన తునకలు ఎండాక పొడి బ్రష్‌తో దులపాలి. మళ్లీ వాడేముందు ఒక చిన్న పిండి ముద్దను రోలర్లలో తిప్పి పారేస్తే లోపలి దుమ్మంతా దానికి అంటుకొని వచ్చేస్తుంది. అంతే శుభ్రం.

ఈ మాట మా నాయనకు చెప్పి ఒప్పించడం ఉంది చూశారూ! పాల ప్యాకెట్‌ను కూడా కుళాయి కింద పెట్టి కడిగాక గానీ లోపలికి రానివ్వని మనిషి ఆయన. బస్సెక్కి బయట తిరిగొస్తే కాళ్లు కడుక్కోనిదే గడప దాటడు. పండగ ముందు వాడనివి, వాడేవి అన్న తేడా లేకుండా సామాన్లన్నీ తోమి బోర్లించాల్సిందే. అట్లాంటి ఇంట్లోకి, పిండి తగిలినా కడగకూడని వస్తువు వచ్చి కూర్చుంది. "నీళ్లు తగలకుండా శుద్ధి ఎట్లా అవుతుందిరా?" అని ఆయన అడిగితే నా దగ్గర జవాబు లేదు. చివరికి మధ్యే మార్గం దొరికింది. మిషన్‌ను కడగం, కానీ దాంట్లోకి గుడ్డు మాత్రం పోకూడదు. మా ఇంట్లో గుడ్డు తినేవాళ్లం తింటాం గానీ, దానికి పెనం వేరు, గరిట వేరు. ఆ లెక్కన ఈ మిషన్ శాకాహారి అయిపోయింది.

ఈ ఒక్క షరతు మా వంట మొత్తాన్నీ మార్చేసింది. మిషన్‌తో వచ్చే పుస్తకంలో గానీ వీడియోల్లో గానీ చెప్పే కొలత 100 గ్రాముల మైదాలాంటి మెత్తటి పొడి పిండికి ఒక గుడ్డు. అది బొలోన్యా నగరం ఉన్న ఎమీలియా వైపు పద్ధతి. ఇటలీలో దక్షిణానికి దిగితే గుడ్డు లేకుండా దురుమ్ అనే గట్టి రకం గోధుమ రవ్వ, నీళ్లు, అంతే. పూలియా ప్రాంతంలో ఆడవాళ్లు వీధి గడపల్లో కూర్చుని వేలితో నొక్కి చేసే చెవుల ఆకారపు పాస్తా ఆ పిండితోనే చేస్తారు. ఎండు పాస్తా సంగతికొస్తే, 1967 నుంచి ఉన్న నియమం ప్రకారం ఇటలీలో దాన్ని దురుమ్ రవ్వతోనే చేయాలి. కాబట్టి గుడ్డు లేనంత మాత్రాన అది రెండో రకం పాస్తా ఏం కాదు.

అయితే రవ్వ పిండి ఈ మిషన్‌కు సులువుగా లొంగదు. బన్సీ రవ్వ మన అంగళ్లలో దొరుకుతుంది, అది దురుమ్ జాతి గోధుమదే. కానీ ఉప్మాకు తగ్గట్టు బరకగా ఉంటుంది. దాన్ని మిక్సీలో వేసి, జల్లెడ పట్టి, సమంగా మైదా కలిపితే దారికొస్తుంది. నలుగురికి 400 గ్రాముల పిండి, 190 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లు, ఒక చెంచా ఆలివ్ నూనె. ఉప్పు పిండిలో అక్కర్లేదు, ఉడికించే నీళ్లలో వేస్తాం. పూరీ పిండి కంటే గట్టిగా, కలిపేటప్పుడు "ఇది కలవదేమో" అని అనుమానం వచ్చేంత గట్టిగా ఉండాలి. అరగంట మూత పెట్టి వదిలేస్తే పిండే నీళ్లు పీల్చుకుని మెత్తబడుతుంది. తర్వాత 0 దగ్గర తిప్పడం, మూడు మడతలు వేయడం, మళ్లీ తిప్పడం. రేకు అంచులు చిరగకుండా, పైభాగం నునుపుగా వచ్చేదాకా ఇదే పని. ఆ తర్వాతే అంకె పెంచాలి, అది కూడా ఒక్కొక్కటిగా. పట్టీలకు 5 దగ్గర ఆపుతాను. ఒట్టి గోధుమపిండితో చేస్తే పొట్టు రేకును చీల్చేస్తుంది. ఆరోగ్యం పేరుతో ఆ ప్రయత్నం చేసేవాళ్లు కనీసం సగం మైదా కలుపుకోండి.

తిరుపతి వాతావరణం గురించి ఏ పుస్తకమూ చెప్పదు కాబట్టి నేను చెప్తాను. ఏప్రిల్, మే నెలల్లో రేకు రోలర్లలోంచి బయటికొచ్చి గట్టు మీద పడేలోపే అంచులు పెళుసెక్కుతాయి. పిండి ముద్దల మీద తడి గుడ్డ తప్పనిసరి, ఫ్యాను ఆపాలి. ఆ ఎండల్లో వంటింట్లో ఫ్యాను ఆపడం అంటే ఏమిటో ఇక్కడివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. నవంబర్ వానల్లో సరిగ్గా తలకిందులు. పిండిలో ఒకటి రెండు చెంచాల నీళ్లు తగ్గించాలి. కోసిన పట్టీలు ఆరక ఒకదానికొకటి అతుక్కుంటాయి. చిరోటి రవ్వ చల్లి విడదీసి, ఆలస్యం చేయకుండా నీళ్లలో వేసేయాలి. అన్నిటికన్నా హాయి జనవరి, ఫిబ్రవరి.

ఉడికించే లెక్క ఇటలీవాళ్లదే: 100 గ్రాముల పాస్తాకు లీటరు నీళ్లు, 10 గ్రాముల ఉప్పు. నలుగురికి వండాలంటే పెద్ద దబరా ఎక్కించాలి. గ్యాసు సంగతి నాయన గుర్తు చేస్తూనే ఉంటాడు. తాజా పాస్తా రెండు మూడు నిమిషాల్లో ఉడికిపోతుంది. ఆ నీళ్లు ఒక గరిటెడు తీసి పెట్టుకుని నూనెలో కలిపితే, అందులోని పిండిపదార్థం వల్ల నూనె, నీళ్లు విడిపోకుండా పట్టీలకు పట్టుకుంటాయి.

ఇక ఏం వండుతాం అంటే, ఎక్కువసార్లు తెల్లగడ్డ, ఎండుమిరపకాయ, ఆలివ్ నూనె. నేపుల్స్ వైపు పేరున్న వంట అది. తెల్లగడ్డ రంగు మారకముందే మంట తగ్గించడమే అందులో విద్య. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో టమోటా కిలో వంద దాటి ఎగబాకినప్పుడు మమ్మల్ని కాపాడింది ఇదే. శనివారం మాత్రం చెల్లదు. ఆ రోజు మా ఇంట్లో ఎర్రగడ్డ, తెల్లగడ్డ ముట్టం. శనివారాలకు నిమ్మకాయ తొక్కు తురుము, వెన్న, మిరియాలు.

జున్ను, అంటే చీజ్ విషయంలోనూ పంచాయితీ నడిచింది. పాస్తా మీద తురిమే అసలైన పార్మీజాన్ చీజ్ తయారీలో పాలను విరిచేది దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో. అది తెలిశాక నాయన చూపు మారింది, నిజం చెప్పాలంటే మా ఆవిడ చూపు కూడా. పచ్చ చుక్క చూసి వేరే రకాలు కొనుక్కోవచ్చు గానీ, మాకు దాని అవసరం కూడా పెద్దగా పడలేదు. దక్షిణ ఇటలీలో జున్ను కొనలేని ఇళ్లలో పాత రొట్టె పొడిని నూనెలో ఎర్రగా వేయించి పాస్తా మీద చల్లుకునేవాళ్లు. రెండు రోజుల నాటి బ్రెడ్డు, గానుగ చెనక్కాయ నూనె, చిటికెడు కారం. కరకరలాడుతూ ఉంటుంది. జున్ను కంటే నాకు ఇదే ఇష్టం.

ఆకుల దగ్గర ఇంకో గొడవ. బేసిల్ కోసం కుండీలో సబ్జా గింజలు చల్లితే మొక్కలు వచ్చాయి. ఘాటు కాస్త ఎక్కువైనా పని జరుగుతుంది. మరువం అయితే పూలంగడిలో ఎప్పుడూ ఉంటుంది. జెనోవా వైపు లిగూరియాలో అది వంటింటి ఆకు. వేడి వెన్నలో మరువం ఆకులు వేసి పట్టీలు కలిపితే ఇల్లంతా వాసన. అది చూసి నాయన, "పూలంగట్లో కొనేది దేవుడికిరా, కూరలోకి కాదు" అన్నాడు. ఇప్పుడు రెండు కట్టలు కొంటాం. ఒకటి నేరుగా పూజ గదికి వెళ్తుంది.

ఇంతకీ ఆయన తింటాడా? మధ్యాహ్నం తినడు. చివర్లో పెరుగన్నం లేనిది ఆయన లెక్కలో భోజనమే కాదు. రాత్రిపూట టిఫిన్ కింద అయితే అభ్యంతరం లేదు. ఆయనకు నచ్చినది ఒక్కటే: పూలియాలోని సాలెంతో వైపు శనగలతో చేసే వంట. గుడ్డు లేని పట్టీలు కొన్ని ఉడికించి, కొన్ని నూనెలో వేయించి, ఉడికిన కాబూలీ శనగల్లో కలుపుతారు. మేం చెనక్కాయ నూనెలో వేయిస్తాం. వేయించిన పట్టీలను గిన్నెలో పడకముందే ఆయనా, మా పాపా కలిసి సగం ఖాళీ చేస్తారు. అందుకని ఎక్కువే వేయిస్తున్నాం.

మిషన్ లోపాలకు వస్తాను. మొదటిది, బిగించే క్లాంపు. అది బల్ల అంచుకు బిగుస్తుంది. మన గ్రానైట్ గట్లకు అంచు కింద మందంగా ఇంకో పట్టీ అతికిస్తారు కదా, దానికి ఇది అందదు. వడ్రంగి చేత మందపాటి చెక్క పలక చేయించుకుని, దానికి బిగించి వాడుతున్నాను. రెండోది, పిడి. రంధ్రంలోకి ఊరికే దూర్చేదే తప్ప బిగింపు లేదు. గట్టి పిండి పడ్డప్పుడు జారి కాలి మీద పడుతుంది. పిడి తిప్పే చెయ్యి, పిండి పెట్టే చెయ్యి, కింద రేకు పట్టుకునే చెయ్యి, మొత్తం మూడు కావాలి కాబట్టి ఒక్కరివల్ల అయ్యే పని కాదు. పాప పట్టుకుంటుంది. మూడోది పురుగులు. సందులో ఒక్క తునక మిగిలినా వానాకాలంలో చీమలు, బొద్దింకలు వాసన పడతాయి. పూర్తిగా ఆరాక గుడ్డ సంచిలో మూతి కట్టి పెట్టాలి. ఇంకో మాట, పిడిని నేను నా బీరువాలో దాచుకుంటాను. ఖాళీ రోలర్లను ఊరికే తిప్పితే నాకు ప్రాణం పోయినట్టుంటుంది. ఇంట్లో దీని మీద నవ్వుకుంటారు, నవ్వుకోనీ.

అనుకోని లాభం ఒకటుంది. దీపావళికి కజ్జికాయలు చేసేటప్పుడు పిండిని 4 దాకా తిప్పితే అన్ని రేకులూ ఒకే మందంలో వస్తాయి, నూనెలో ఒకటి మాడి ఒకటి పచ్చిగా ఉండడం తగ్గింది. మా అత్తగారు ఈ మిషన్‌ను మెచ్చుకున్నది ఈ ఒక్క పనికే.

గుడ్డు పాస్తా కావాలనుకున్నప్పుడు మా ఆవిడ చపాతీ కర్ర తీస్తుంది. దాన్ని కడగొచ్చు, వేరేగా పెట్టుకోవచ్చు. బొలోన్యాలో పేరున్న పాస్తా వనితలు ఇప్పటికీ పొడవాటి కర్రతోనే ఒత్తుతారు. అక్కడి వాణిజ్య మండలిలో 1972లో టాల్యతెల్లె అనే పట్టీల పాస్తా వెడల్పు ఉడికాక 8 మిల్లీమీటర్లని నమోదు కూడా చేశారు. మిషన్ కోసే 6 మిల్లీమీటర్ల పట్టీ ఆ లెక్కకు అందదు. కర్రతో ఒత్తిన రేకు కాస్త గరుకుగా ఉండి సాస్‌ను బాగా పట్టుకుంటుంది. రుచిలో ఆమె చేసినదే గెలుస్తుంది, నేను ఒప్పుకుంటాను. కానీ నలుగురికి కర్రతో ఒత్తాలంటే భుజాలు పడిపోతాయి.

నెలకోసారి కూడా చేయనివాళ్లు దీని జోలికి పోకుండా, దురుమ్ రవ్వతో చేసిన ఎండు పాస్తా ప్యాకెట్ కొనుక్కోండి. ఆదివారాల్లో పిండి పిసికే ఓపిక, పక్కన ఇంకో మనిషి ఉన్నవాళ్లు కొనుక్కోవచ్చు. కొనేముందు గట్టు అంచు మందం కొలుచుకోండి, క్లాంపు ఎంత దూరం తెరుచుకుంటుందో అమ్మేవాళ్లను అడగండి. ఇంట్లో పనికి సాయం వచ్చే అమ్మాయికి మొదటి రోజే చూపించి చెప్పండి, ఇది సింకులో వేసేది కాదని.