జెర్మ్‌ఫ్రీ ఎలుకా, యాంటీబయాటిక్సా, మలమార్పిడా: ఏది మేలు?

పేగుల్లోని బ్యాక్టీరియా మెదడు మీద పనిచేస్తుందని చిట్టెలుకల ప్రయోగాలు గట్టిగానే చెబుతున్నాయి. అలాంటి వార్త కనబడితే నేను ముందు చూసేది, ఆ ప్రయోగం ఏ పద్ధతిలో చేశారన్నది. ఎంత నమ్మాలో అక్కడే తేలిపోతుంది.

జెర్మ్‌ఫ్రీ ఎలుకలంటే పుట్టుక నుంచీ ఒక్క సూక్ష్మజీవీ తగలకుండా, మూసిన ఐసోలేటర్లలో పెంచినవి. 2004లో జపాన్‌లోని క్యుషు విశ్వవిద్యాలయంలో సుడో బృందం ఇలాంటి ఎలుకలను కదలకుండా కట్టడి చేస్తే, ఒత్తిడి హార్మోన్లు మామూలు ఎలుకల్లో కన్నా బాగా ఎక్కువగా పెరిగాయి. చిన్న వయసులోనే మామూలు ఎలుకల పేగు బ్యాక్టీరియాను అందిస్తే ఆ తేడా కొంత సర్దుకుంది. ఆలస్యం చేస్తే సర్దుకోలేదు. ఎదిగే వయసు గురించి ఇంత సూటిగా చెప్పగల పద్ధతి మరొకటి లేదు. కానీ ఆ ఎలుక ఒళ్లే వేరు: పెద్దపేగు మొదట్లో ఉండే సీకం బాగా ఉబ్బిపోయి ఉంటుంది, రోగనిరోధక శక్తి సరిగా ఎదగదు, విటమిన్ కె తిండిలో కలిపి పెట్టాలి. మెదడులో కనిపించిన మార్పుకు వీటిలో ఏది కారణమో విడదీయడం కష్టం.

యాంటీబయాటిక్స్‌తో ఈ గొడవ లేదు. మామూలుగా పెరిగిన ఎలుకకే మందు తాగిస్తారు, ఖర్చూ తక్కువ. అయితే మందే నేరుగా మెదడు మీద పనిచేసిందేమో! కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు 2011లో ఈ అనుమానాన్ని చక్కగా తీర్చారు. మందులు తాగిన ఎలుకలు బెరుకు తగ్గి చురుగ్గా తిరిగాయి. అవే మందులను పేగుల్లోకి కాకుండా, పొట్టలో పేగుల చుట్టూ ఉండే ఖాళీలోకి ఇంజెక్షన్‌గా ఇచ్చినా, జెర్మ్‌ఫ్రీ ఎలుకలకు తాగించినా ప్రవర్తన మారలేదు. ఈ రెండు పరీక్షలూ లేని యాంటీబయాటిక్ అధ్యయనాన్ని నేను సగమే నమ్ముతాను.

నా ఓటు మాత్రం మలమార్పిడికే, అంటే ఒకరి పేగు బ్యాక్టీరియాను మరొకరి పేగుల్లోకి ఎక్కించడానికే. మెక్‌మాస్టర్ బృందమే బాల్బ్-సి అనే పిరికి జాతికీ, ఎన్‌ఐహెచ్ స్విస్ అనే చురుకైన జాతికీ మధ్య పేగు బ్యాక్టీరియాను అటుదిటు మార్చింది. జెర్మ్‌ఫ్రీగా పెంచిన పిరికి ఎలుకలకు చురుకైన వాటి బ్యాక్టీరియా ఎక్కితే అవి మరింత ధైర్యంగా తిరిగాయి. చురుకైన జాతికి పిరికి వాటి బ్యాక్టీరియా ఎక్కితే దూకుడు తగ్గింది. రెండు వైపులా కథ కలిసింది కాబట్టి, కారణం బ్యాక్టీరియాయే అనడానికి ఇంతకన్నా బలమైన ఆధారం దొరకడం కష్టం.

మలం ఇచ్చే దాత మనిషైతే మాత్రం జాగ్రత్తగా చదవాలి. జబ్బున్న మనుషుల మలాన్ని ఎలుకలకెక్కించిన 38 అధ్యయనాలను 2020లో ఒక సమీక్ష పరిశీలిస్తే, 36 అధ్యయనాలు జబ్బు లక్షణాలు ఎలుకలకు వచ్చాయనే చెప్పాయి. ఇన్ని జబ్బుల్లో ఇంత విజయమా? అందుకే దాతలు ఎందరో, బోనులు ఎన్నో లెక్క చూడాలి. ఎలుకలు ఒకదాని పెంటికలు ఒకటి తింటాయి, ఒకే బోనులోని అయిదు ఎలుకల పేగులూ చివరికి ఒకేలా తయారవుతాయి. వాటిని అయిదు వేర్వేరు సాక్ష్యాలుగా లెక్కేయకూడదు.