ఎమర్జెన్సీ మెడిసిన్ పరిశోధకుల లెక్క చూడటానికి గూగుల్ స్కాలర్ ఎంతవరకు పనికొస్తుంది?

గైడ్ కోసం వెతికే పీజీలైనా, సెలక్షన్ కమిటీలో కూర్చునే సీనియర్లైనా ఒక పరిశోధకుడి గురించి ముందు తెరిచి చూసేది పరిశోధన పేపర్లను వెతికిపెట్టే గూగుల్ స్కాలర్‌నే. పైసా కట్టక్కర్లేదు, చూడటానికి లాగిన్ కూడా అక్కర్లేదు. 2004లో సెర్చ్‌గా మొదలైంది, 2011లో రచయితల ప్రొఫైళ్లు అందరికీ అందుబాటులోకి వచ్చాయి. వెతికి పట్టుకోవడంలో దీన్ని మించింది లేదు. కానీ అది చూపించే సైటేషన్ల అంకెను (ఒక పేపర్‌ను మిగతా పేపర్లు ఎన్నిసార్లు ఉదహరించాయో) ఉన్నదున్నట్టు ఎత్తి రాసుకుంటే మాత్రం దెబ్బతింటారు.

పరీక్షించడానికి కెనడాలోని ఒట్టావాకు చెందిన ఎమర్జెన్సీ డాక్టర్ ఇయాన్ స్టీల్ కెరీర్ బాగా సరిపోతుంది. చీలమండ దెబ్బలకు ఎప్పుడు ఎక్స్‌రే తియ్యాలో చెప్పే ఒట్టావా యాంకిల్ రూల్స్ ఆయన బృందానివే. చీలమండ దగ్గర నొప్పి ఉన్న మనిషికి లోపలి లేదా బయటి గుబ్బ ఎముక వెనక అంచున కింది 6 సెంటీమీటర్లలో గానీ దాని కొసన గానీ నొక్కితే నొప్పి ఉన్నా, దెబ్బ తగిలిన వెంటనే, ఆ తర్వాత క్యాజువాలిటీలో కూడా 4 అడుగులు వెయ్యలేకపోయినా ఎక్స్‌రే తీస్తారు. ఇవేవీ లేకపోతే అక్కర్లేదు. 750 మంది రోగులతో ఈ రూల్‌ను తయారుచేసిన పేపర్ 1992లో వచ్చింది. దాన్ని సవరించి, సరిచూసిన పేపర్ 1993లో, క్యాజువాలిటీలో అమలు చేసి చూసిన పేపర్ 1994లో వచ్చాయి.

స్కాలర్ లెక్క మొదట తడబడేది ఇక్కడే. రూల్ ఒకటే, పేపర్లు మూడు. యాంకిల్ మీద రాసే రచయిత మూడింటినీ కలిపి ఉదహరిస్తే, సైటేషన్లు కూడినప్పుడు ఆ ఒక్క రచయితే మూడుసార్లు లెక్కకొస్తాడు. హెచ్-ఇండెక్స్‌ది ఇంకో సమస్య. కనీసం 40 సైటేషన్లు ఉన్న పేపర్లు 40 ఉంటే హెచ్ 40. ఒక పేపర్ వేలల్లో సైటేషన్లు తెచ్చినా ఆ 40లో అది ఒక్కటే. 2001లో స్టీల్ బృందం నుంచే వచ్చిన కెనడియన్ సీటీ హెడ్ రూల్ (తల దెబ్బకు సీటీ స్కాన్ ఎప్పుడో చెప్పేది, 3,121 మంది రోగులు), సీ-స్పైన్ రూల్ (మెడ దెబ్బకు ఎక్స్‌రే ఎప్పుడో చెప్పేది, 8,924 మంది) లాంటి పెద్ద పనికీ, సరిగ్గా హెచ్ గీత దాటిన చిన్న రివ్యూకీ అక్కడ తేడా కనపడదు. స్కాలర్ చూపించే ఇంకో అంకె ఐ10 అయితే మరీ పలచన. కనీసం 10 సైటేషన్లు ఉన్న పేపర్లు ఎన్నో చెప్పి ఊరుకుంటుంది.

సైటేషన్ అంటే మెప్పు అని కూడా అనుకోకూడదు. డెట్రాయిట్‌లో ఇమాన్యుయేల్ రివర్స్ 2001లో 263 మంది సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే ప్రాణాంతక స్థితి) రోగులకు మొదటి గంటల్లోనే లక్ష్యాలు పెట్టుకుని చికిత్స చేసిన ట్రయల్‌లో ఆసుపత్రి మరణాలు 46.5 నుంచి 30.5 శాతానికి తగ్గాయి. ప్రపంచమంతా ఆ పద్ధతిని అందుకుంది. 2014లో ప్రాసెస్, అరైజ్, 2015లో ప్రామిస్ ట్రయళ్లు మామూలు చికిత్స కంటే దానివల్ల అదనపు లాభమేమీ లేదని తేల్చాయి. ఆ మూడూ ఉదహరించింది రివర్స్ పేపర్‌నే. స్కాలర్‌కు ఒప్పుకోలైనా ఖండనైనా ఒకటే అంకె. సెప్సిస్ వైద్యాన్ని మలుపు తిప్పిన పేపర్ అదేనన్నది నా అభిప్రాయం. ఆ మాట సైటేషన్ల సంఖ్య చూసి అనడం లేదు, తర్వాతి ట్రయళ్లు దేన్ని పరీక్షించాయో చదివాక అంటున్నాను.

దీనికి స్కాలర్‌లోనే ఒక మంచి సౌకర్యం ఉంది, చాలామంది వాడరు. పేపర్ కింద ‘సైటెడ్ బై’ నొక్కాక పైన ‘సెర్చ్ వితిన్ సైటింగ్ ఆర్టికల్స్’ అని ఒక గడి ఉంటుంది. దానికి టిక్ పెట్టి ‘వాలిడేషన్’ (సరిచూడటం) అనో ‘ఇంప్లిమెంటేషన్’ (అమలు) అనో వెతకండి. రూల్‌ను వేరే ఊళ్లో, వేరే దేశంలో నిజంగా పరీక్షించిన పేపర్లు బయటికొస్తాయి. పేరు తలుచుకుని వదిలేసినవి చాలావరకు వెనక్కిపోతాయి. ఏ వెతుకులాటలోనైనా మొదటి వెయ్యి ఫలితాలే చూపిస్తుంది కాబట్టి బాగా పేరున్న పేపర్లకు ఏళ్లవారీగా విడగొట్టి వెతకాలి.

మన తెలుగువాళ్ల ప్రొఫైళ్లలో పెద్ద చిక్కు పేర్లది. ఇంటిపేరు ముందుండి ఇనీషియల్‌గా మారడం, సొంత పేరు చివర్లో ఉండటం వల్ల ఒక జర్నల్‌లో ‘కె. శ్రీనివాస్’, ఇంకోదాంట్లో ‘శ్రీనివాస్ కె.’, వేరొకదాంట్లో ఇంటిపేరు మొత్తం. రావు, రెడ్డి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆటోమేటిక్ అప్‌డేట్ పెట్టి వదిలేస్తే ఏ మెటలర్జీ పేపరో వచ్చి ఎమర్జెన్సీ డాక్టర్ ఖాతాలో పడుతుంది. సెట్టింగుల్లో దాన్ని మార్చి, కొత్తవి ముందు ఈమెయిల్‌కు వచ్చేలా పెట్టుకోవాలి. ప్రీప్రింటూ (జర్నల్‌లో అచ్చవకముందే ఆన్‌లైన్‌లో పెట్టింది) అచ్చయిన పేపరూ విడివిడిగా ఉంటే రెండింటినీ టిక్ చేసి ‘మెర్జ్’ నొక్కండి. కాన్ఫరెన్స్ అబ్‌స్ట్రాక్ట్‌ను మాత్రం టైటిల్ ఒకటే కదా అని పూర్తి పేపర్‌లో కలపొద్దు, అవి వేరు పనులు. పక్కన నక్షత్రం గుర్తున్న అంకె కలిపిన పేపర్లది, దాన్ని మళ్లీ ఒకసారి చూడాలి.

ఇంకో లోపం, రచయితల వరుస. జాబితాలో పేర్లు మధ్యలో చుక్కలతో తెగిపోతాయి. పదుల మంది రాసే గైడ్‌లైన్‌లో ముప్ఫయ్యో పేరైనా సైటేషన్ మొత్తం ఖాతాలో చేరుతుంది. మామూలుగా మొదటి పేరు పని చేసినవారిది, చివరి పేరు నడిపించినవారిది కాబట్టి పరిశోధకుడి ఎదుగుదల తెలియాలంటే ఒక్కొక్క పేపర్ తెరిచి, తొలి ఏళ్లలో మొదటి పేరుగా ఎన్ని, తర్వాత చివరి పేరుగా ఎన్ని అని చూడాల్సిందే.

సైటేషన్లు లెక్కేసే మరో డేటాబేస్ స్కోపస్‌లో రచయిత పేజీ ఉచితంగానే చూడొచ్చు. సబ్‌స్క్రిప్షన్ ఉంటే సొంత సైటేషన్లు తీసేసి లెక్క చూపిస్తుంది, స్కాలర్‌కు ఆ పని రాదు. కార్డియాలజీ వాళ్లతో పోల్చాల్సి వస్తే అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ వారి ఐసైట్ వాడండి, ఉచితమే. పబ్‌మెడ్ (వైద్య పేపర్ల సూచిక) నంబర్లు పేస్ట్ చేస్తే ఆ రంగాన్నీ ఏడాదినీ బట్టి సర్దిన నిష్పత్తి ఇస్తుంది. ఎమర్జెన్సీ లాంటి చిన్న రంగానికి న్యాయం జరిగేది అందులోనే.

సీవీలో రాసేటప్పుడు సైటేషన్ల సంఖ్య పక్కనే అది స్కాలర్‌దా, స్కోపస్‌దా, ఏ తేదీన చూశారో రాయండి. సాధారణంగా స్కాలర్ అంకే పెద్దది, ఎందుకంటే థీసిస్‌లు, ప్రీప్రింట్లు కూడా అది లెక్కేస్తుంది.