మెరీనా, హార్బర్: రెండూ ఒకటేనా?

రెండూ పడవలు ఆగే చోట్లే కదా, తేడా ఏముంది అంటారు చాలామంది. పుట్టుక చూస్తే మాత్రం వీటికి చుట్టరికమే లేదు.

హార్బర్ పాత ఇంగ్లీషు మాట. 'హెరె' అంటే సైన్యం, 'బెయోర్గ్' అంటే రక్షణ. మొదట సేనలు దిగే విడిది, తర్వాత బాటసారుల బస, ఆ తర్వాతే ఓడలు తుఫాను నుంచి తలదాచుకునే రేవు. ఫ్రెంచివాళ్లు సత్రాన్ని 'ఒబెర్జ్' అనేదీ ఈ వేరు నుంచే.

మెరీనా వేరు లాటిన్ 'మారె', అంటే సముద్రం. ఇటాలియన్, స్పానిష్ భాషల్లో మెరీనాకు సముద్ర తీరం అనే అర్థం ఉంది, ఆ అర్థంలో పడవల ఊసే లేదు! చెన్నై మెరీనాలో షికారు పడవల జెట్టీలేవీ అని వెతికితే దొరకవు మరి, ఎందుకంటే 1884లో మద్రాసు గవర్నర్ గ్రాంట్ డఫ్ సిసిలీ జ్ఞాపకాలతో అక్కడ కొత్తగా వేయించిన నడకబాటకు ఆ పేరు పెట్టింది పాత అర్థంలోనే. షికారు పడవల రేవు అనే అర్థం 20వ శతాబ్దంలో అమెరికాలో మొదలైంది.

వాడుకలో నేనైతే ఇలా విడదీస్తాను: సరుకు ఓడలు, చేపల బోట్లు ఉంటే హార్బర్. తేలే జెట్టీలు, అద్దె ఇచ్చి మన పడవను నిలుపుకునే చోటు, పక్కనే నీళ్లు, కరెంటు కనెక్షన్ ఉంటే మెరీనా, కొచ్చిలో బోల్గట్టి దగ్గర ఉన్నలాంటిది. పెద్ద హార్బర్ లోపలే ఓ మూల మెరీనా ఉండొచ్చు కూడా. విశాఖ ఫిషింగ్ హార్బర్‌ని స్టైల్‌గా ఉంటుందని మెరీనా అనకండి, అక్కడ జరిగేది చేపల వ్యాపారం.