రాజ్యాంగాన్ని మార్చేది సవరణా, తీర్పా?

సవరణలో అక్షరమే మారుతుంది. తీర్పులో అక్షరం అలాగే ఉంటుంది, అర్థం మారుతుంది.

సవరణ నిదానం. అమెరికాలో ఉభయ సభల్లో మూడింట రెండొంతుల మద్దతుతో ప్రతిపాదన వస్తే, 50 రాష్ట్రాల్లో 38 ఒప్పుకోవాలి. 1789లో ప్రతిపాదించిన 27వ సవరణ 1992లో గానీ గట్టెక్కలేదు. భారత్‌లో 368వ అధికరణ దారి అంత ఇరుకు కాదు. ఇప్పటికే వందకు పైగా సవరణలు జరిగాయి.

తీర్పుకు అంత తతంగం అక్కర్లేదు. 1896లో జాతుల వేర్పాటును సమర్థించిన అమెరికా సుప్రీంకోర్టే 1954లో ప్రభుత్వ బడుల్లో అది చెల్లదంది. ఈ రెండు తీర్పుల మధ్య, చట్టం ముందు అందరికీ సమాన రక్షణ ఉండాలనే 14వ సవరణలో ఒక్క మాటా మారలేదు. జీవించే హక్కు, వ్యక్తిగత స్వేచ్ఛల గురించి చెప్పే భారత రాజ్యాంగం 21వ అధికరణలో ‘గోప్యత’ అన్న పదమే లేదు; అయినా అది ప్రాథమిక హక్కేనని 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు.

నా మొగ్గు సవరణ వైపే. అందులో ఓటరుకు వాటా ఉంటుంది. అయితే ఆ అధికారానికీ హద్దుండాలి. 1973లో కేశవానంద భారతి కేసులో సుప్రీంకోర్టు 7-6 తేడాతో, అంటే ఒక్క ఓటుతో, పార్లమెంటు రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని చెరపలేదని తేల్చింది. రాజ్యాంగ సవరణలను ఏ కోర్టూ ప్రశ్నించరాదన్న 42వ సవరణలోని నిబంధనను 1980లో కొట్టేయగలిగింది ఆ సూత్రంతోనే.