మొగలుల కాలం కథ చెప్పే కోటలంటే వరంగల్ ఒక్కటే కాదు, ఖిలాషాపూర్ కూడా చూడండి

వరంగల్ కోటకు వెళ్లినవాళ్లు తోరణాలు, ఖుష్ మహల్ చూసి వచ్చేస్తారు. అవి ఎంతసేపు చూసినా తనివి తీరదు, నిజమే. కానీ 1687లో గోల్కొండ పడిపోయాక ఈ ప్రాంతమంతా ఔరంగజేబు చేతికొచ్చిందని, ఇక్కడా మొగలుల పాలన నడిచిందని చెప్పే బోర్డు ఒక్కటీ నాకు కనబడలేదు. చాలా బాధేసింది.

ఆ రోజుల్లో కోట కిల్లేదారుది, చుట్టుపక్కల ఊళ్ల భద్రత ఫౌజుదారుది, పైన హైదరాబాద్‌లో మొత్తం రాష్ట్రాన్ని చూసే సుబేదారు. కిల్లేదారును బాదుషాయే నేరుగా నియమించేవాడు, సుబేదారు ఎదురుతిరిగినా కోట చేజారకూడదని. కాగితం మీద గట్టి ఏర్పాటే. 1707లో ఔరంగజేబు పోయి కొడుకులు సింహాసనం కోసం కొట్టుకుంటుంటే ఎవరికెవరు జవాబుదారో తేలక అదంతా వదులైపోయింది. సరిగ్గా అప్పుడే, 1708 మొహర్రం రోజుల్లో, గీత కార్మిక కుటుంబంలో పుట్టి మొగలుల మీద తిరగబడ్డ సర్వాయి పాపన్న తన మనుషులతో వచ్చి వరంగల్‌ను కొల్లగొట్టాడు. ఇంత పెద్ద మట్టికోట, రాతికోట, కందకం ఉండి కూడా ఆపలేకపోయాయంటే లోపం గోడల్లో లేదు, పాలనలో ఉందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

అందుకే పాపన్న కోట ఉన్న ఖిలాషాపూర్ తప్పకుండా చూడాలి. హనుమకొండ నుంచి హైదరాబాద్ హైవే మీద వెళ్లి రఘునాథపల్లి దగ్గర లోపలికి తిరగాలి. సొంత బండి ఉంటేనే హాయి, ఆటోవాళ్లతో రానూపోనూ ముందే మాట్లాడుకోండి. కోట చిన్నదే, ఊరి మధ్యలోనే ఉంటుంది, బురుజులు మాత్రం ఎత్తుగా, దిట్టంగా ఉన్నాయి. మంచినీళ్లు, తిండి వెంట తీసుకెళ్లండి. ఊళ్లో పెద్దవాళ్లను కదిలిస్తే పాపన్న గురించి నిన్న జరిగినట్టే చెప్తారు, ఏ గైడూ అలా చెప్పలేడు. 1710లో మొగలులు ఆయన్ని పట్టుకుని చంపిన సంగతికొచ్చేసరికి వాళ్ల గొంతు మారిపోతుంది.

బస హనుమకొండలో పెట్టుకోవడమే మేలు. బస్టాండు దగ్గర మేం దిగిన లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది గానీ వేడినీళ్లు రాలేదు, అడిగితే పట్టించుకున్నవాళ్లూ లేరు. సర్వపిండి మాత్రం ఇక్కడ తినకుండా రావద్దు.

కరీంనగర్ వైపు వెళ్తే ఎలగందుల కోట ఉంది, కొండెక్కితే మానేరు అందంగా కనిపిస్తుంది. అక్కడి మినార్లు 1754 నాటివి, అంటే అప్పటికే నిజాంల కాలం. ఒక్కరోజే చేతిలో ఉంటే దాన్ని ఇంకోసారికి ఉంచి, పొద్దున్నే ఖిలాషాపూర్, సాయంత్రం వరంగల్ కోట పెట్టుకోండి.